ఎల్లిగడ్డ బ్యాచ్

పోయినవాళ్ల మీద ఎవరైనా అసూయ పడతారా? నేను పడుతున్నాను. నిన్న సాయంత్రం గుండె ఆగి చనిపోయిన ఒక మనిషి మీద, ఇవాళ పొద్దున్నుంచి మా కోచింగ్ సెంటర్ వాట్సాప్ గ్రూపు చూసుకుంటూ, కడుపు మండిపోతూ కూర్చున్నాను.

డబ్లిన్ నుంచి ఒకడు, మెల్‌బోర్న్ నుంచి ఒకతి, ఎక్కడో మంచులో నిలబడి ఇంకొకడు. అందరూ ఏడుస్తున్నారు. కొందరు రాశారు, కొందరు గొంతు రికార్డు చేసి పెట్టారు. "అక్కా, నువ్వు లేకుంటే నేను నోరే తెరవకపోదును" అని ఒకడు. వాడు నాకు బాగా గుర్తు. వ్యాసం రాయమంటే మూడు వాక్యాల తర్వాత పెన్ను కొరుక్కుంటూ కూర్చునేవాడు. వాడి చేత పేరాలు రాయించింది నేను. ఎర్ర పెన్నులు ఎన్ని అరగదీశానో నాకే తెలుసు. ఆ సంగతి వాడి సందేశంలో ఎక్కడా లేదు. ఒకమ్మాయి అయితే ఏమీ రాయలేదు, ఒక ఎల్లిగడ్డ ఫొటో పెట్టింది, వెల్లుల్లిపాయ ఫొటో, అంతే. దాని కింద కన్నీటి బొమ్మలు వరసగా వస్తూనే ఉన్నాయి.

నేను పోతే ఈ గ్రూపులో ఏమొస్తుందో నాకు తెలుసు. చేతులు జోడించిన బొమ్మలొస్తాయి. ఒకరిద్దరు ఇంగ్లీషులో సంతాపం రాస్తారు, అందులో కూడా స్పెల్లింగు తప్పుంటుంది.

పొద్దున మా ఓనరు ఫోన్ చేసి, "సారూ, సెంటర్ ముంగట పెద్ద ఫ్లెక్సీ పెడ్తాన. ఇంగ్లీషుల రెండు లైన్లు రాసియ్యి. నీ గ్రామర్ మంచిగుంటది" అన్నాడు. గ్రామర్ మంచిగుండేవాడికి దక్కే పని ఇది. రెండు లైన్లూ రాలేదు.

దానికంటే కష్టమైన పని ఇంకొకటి నా మీద పడింది. స్వప్నకు చెప్పాలి. స్వప్న నా భార్య. స్కాట్లాండ్‌లో ఒక యూనివర్సిటీలో పాత బట్టలను పాడవకుండా కాపాడే చదువు చదువుతోంది. ఇవాళ ఆమె క్లాసులో ఏదో ప్రెజెంటేషన్ ఉంది, వాళ్ల మధ్యాహ్నం దాకా ఫోన్ కట్టేసి ఉంటుంది. గ్రూపు తెరిచేలోపే నేను చెప్పాలి. మనకు సాయంత్రమయ్యేదాకా ఆగాలి. అందాక, నాతో పాటు సెంటర్లో పాఠం చెప్పి నిన్న పోయిన ఈమె గురించి రాసి కడుపుమంట కాస్త చల్లార్చుకుందామని కూర్చున్నాను. పేరు రాయను. ఎలాగూ ఫ్లెక్సీ మీద పెద్దక్షరాల్లో వస్తుంది.

మా సెంటర్ హనుమకొండలో, ఒక మెడికల్ షాపు పైన. విదేశాల్లో చదవాలంటే ముందు ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి కదా, ఆ పరీక్షకు తయారుచేస్తాం. చదవడం, రాయడం నావి. వినడం, మాట్లాడటం ఆమెవి. రెండు క్లాసులకూ మధ్య గోడ లేదు, ప్లైవుడ్ ఉంది. నా వైపు పిల్లలు వ్యాసం రాస్తుంటే సూది పడినా వినిపించేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి ఆమె వైపు నుంచి నవ్వులు వచ్చి పడేవి. పరీక్షకు చదివే పిల్లలు అంతగా నవ్వడానికి ఏముంటుందో నాకు అర్థమయ్యేది కాదు.

ఆమె టైముకు వచ్చిన రోజు నేను చూడలేదు. స్కూటీని గేటుకు అడ్డంగా పెట్టి, చేతిలో కూరగాయల సంచితో ఆయాసపడుతూ మెట్లెక్కేది. క్లాసులోకి వచ్చి కుర్చీలు వెనక్కి నెట్టించి, కింద పేపరు పరిపించి, సంచి బోర్లించేది. మేం గోకరకాయ అనే గోరుచిక్కుడు, చిక్కుడుకాయ, పుంటికూర అనే గోంగూర, ఆ రోజు మార్కెట్లో ఏది చవకైతే అది. పిల్లలు చుట్టూ కూర్చుని ఈనెలు తీస్తూ, ఆకులు తుంచుతూ ఇంగ్లీషు మాట్లాడాలి. ఇదీ పాఠం. బోర్డు మీద ఒక అక్షరం రాసేది కాదు. ఆమెకిచ్చిన మార్కర్ ఎండిపోయి చచ్చింది తప్ప సిరా అయిపోలేదు.

అందులోనూ తరగతులున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లకు, నోరు తెరవాలంటే వణికేవాళ్లకు ఎల్లిగడ్డ. పొట్టు తీయడం చిరాకు పని. గోళ్లలో ఇరుక్కుంటుంది, వేళ్లకు అంటుకుంటుంది. ఆ చిరాకులో పడి భయం మరిచిపోతారని ఆమె లెక్క. కాస్త మాట వచ్చినవాళ్లకు చిక్కుడుకాయ. గడగడా మాట్లాడేవాళ్లకు పుంటికూర. పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక కుర్రాడు, "సార్, నాకు ఇయ్యాల పుంటికూర ఇచ్చింది అక్క!" అని నా క్లాసులోకి వచ్చి చెప్పుకున్నాడు. వాడికి ఆ వారం వ్యాసంలో నేను వేసిన మంచి మార్కులు గుర్తే లేవు.

"ఇంట్లో వంటపని పిల్లలతో చేయించుకుంటోంది, ఫీజు కట్టించుకుని మరీ" అని నేను ఓనరుతో ఒకసారి అన్నాను. ఆయన, "కూర వండుకొచ్చి మల్ల పిల్లలకే పెడ్తాంది గద సారూ" అన్నాడు. అదీ నిజమే. మర్నాడు ఆ గోకరకాయ కూర డబ్బాలో తిరిగి వచ్చేది. పిల్లలు తినేవాళ్లు. నాకు కూడా ఒక చెంచా పెట్టేది. బాగుండేది. బాగుందని ఎప్పుడూ అనలేదు.

పిల్లలు నన్ను సార్ అనేవాళ్లు. ఆమె యాభై దాటిన మనిషి, ఆమెను అక్క అనేవాళ్లు. మా ఓనరు, చాయ్ తెచ్చే ఆయన, కింద మెడికల్ షాపాయన కూడా అక్క అనేవాళ్లు. పంతం కొద్దీ నేనొక్కణ్ణే మేడమ్ అన్నాను. ఆమె మాత్రం మొదటి రోజు నుంచీ నన్ను తమ్మీ అంది. ఒప్పుకున్నావా అని అడగలేదు.

ఎవరైనా మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతే ఆమె మాట అందించేది కాదు. తప్పులు దిద్దేది కాదు. ఇంకొక కాయ వాళ్ల చేతిలో పెట్టి తన పనిలో తానుండేది. పది మందిలో ఒకడు మాటకోసం గింజుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల అయ్యే పని కాదు. ప్లైవుడ్ ఇవతల నుంచే నాకు ఆ మాట నాలుక చివరికి వచ్చేది. ఒకసారి ఉండబట్టలేక గోడ మీదుగా అరిచి అందించాను కూడా.  అవతల నుంచి ఆమె గొంతు, "తమ్మీ, ఆ పిల్లగాడు ఒస్తాండు, జర తొవ్వ ఇడువు" అంది. మళ్లీ నవ్వులు.

మధ్యాహ్నం నా టిఫిన్ బాక్సులో చెయ్యి పెట్టేది. అడగడం, గిడగడం లేదు. ఒక ముద్ద నోట్లో వేసుకుని స్వప్న సంగతి చెప్పేది, అప్పటికి స్వప్నను చూడకుండానే.

"పప్పుల పోపు మాడింది. పిల్ల ఏదో ఆలోచన చేత్తాంది."

"ఏం లేదు మేడమ్, లేటైందని తొందరగా చేసింది."

"కాదు తమ్మీ. తొందరల మాడితే ఆవాలు మాడుతయ్. గిక్కడ అన్నీ మాడినయ్. నిలబడి మాడవెట్టింది."

స్వప్న నిజంగానే ఆలోచనలో ఉంది. ఆ వారమే రెండోసారి పరీక్ష పోయింది.

స్వప్నది కొత్తవాడ. నేల మీద పరిచే జంపఖానాలు నేసే ఇల్లు. చేనేత డిప్లొమా చేసి, సొసైటీలో డిజైన్లు గీసేది. పాత జంపఖానాల మీద ఆమె గీసిన బొమ్మలు, రాసిన నాలుగు పేజీలు చూసి ఆ యూనివర్సిటీవాళ్లు సీటిచ్చారు, స్కాలర్‌షిప్ కూడా ఇచ్చారు. ఆ నాలుగు పేజీల ఇంగ్లీషు దిద్దింది నేనే, అది ఇక్కడ రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు. ఒకటే షరతు. మాట్లాడే పరీక్షలో తొమ్మిదికి ఆరున్నర తెచ్చుకోవాలి. చదవడంలో వచ్చింది, రాయడంలో వచ్చింది, వినడంలో ఇంకా ఎక్కువే వచ్చింది. మాట్లాడటంలో ఐదున్నర. మళ్లీ రాసింది, మళ్లీ ఐదున్నర. ఇంకొక్కసారి రాయడానికే గడువుంది. అది దాటితే సీటు వేరేవాళ్లకు పోతుంది.

నాకు రెండు కోరికలుండేవి. స్వప్నకు ఆ సీటు రావాలి. అది నా చేతుల మీదుగా రావాలి. ఊళ్లో పిల్లలందరికీ చెప్పేవాడి పెళ్లాం ఐదున్నర దగ్గర ఆగిపోతే నేను బోర్డు దగ్గర ఎలా నిలబడాలి? రోజూ సాయంత్రం ఎదురుగా కూర్చోబెట్టి అడిగేవాణ్ణి. ఆమె ఒక వాక్యం అనగానే తప్పెక్కడో చెప్పేవాణ్ణి. రెండో వాక్యానికి ఆమె గొంతు సన్నబడేది. మూడోది వచ్చేది కాదు.

ఆ పరీక్షలో ఒక చీటీ ఇచ్చి దాని మీదున్న విషయం గురించి రెండు నిమిషాలు మాట్లాడమంటారు. చేత్తో చేసిన వస్తువు గురించి చెప్పమని తరచుగా వస్తుంది. దానికి నేనొక జవాబు రాసి పెట్టాను. మైసూరు నుంచి అమ్మమ్మ తెచ్చిన గంధపు చెక్క ఏనుగు. చెక్కడాలు, సువాసన, సున్నితత్వం, మంచి మంచి మాటలన్నీ పట్టేలా కట్టిన జవాబు. నా దగ్గర చదివిన ప్రతివాడికీ అది కంఠతా వచ్చు. మా సెంటర్ నుంచి ఆ ఏనుగు హైదరాబాద్ పరీక్ష హాలుకు ఎన్నిసార్లు పోయి వచ్చిందో. అది మంచి ఏనుగు. ఇప్పటికీ అంటాను.

రెండోసారి స్వప్నకు అదే చీటీ వచ్చింది. గుక్క తిప్పుకోకుండా ఏనుగును అప్పజెప్పింది. పరీక్ష చేసేవాడు అంతా విని, ఆ ఏనుగు ఇప్పుడు ఎక్కడుంది అని అడిగాడట. స్వప్న నోట మాట రాలేదు.

"ఇంట్లో ఉంది అంటే సరిపోయేది కదా!" అన్నాను, తల పట్టుకుని.

"లేని ఏనుగు యాడున్నదని చెప్పాలె?" అంది స్వప్న. "మా అవ్వ మైసూరే పోలే."

తర్వాత వారం నేను టిఫిన్ మరిచిపోయి వచ్చాను. స్వప్న తీసుకుని సెంటర్‌కు వచ్చింది. నా క్లాసులో అందరూ వ్యాసం రాస్తున్నారు, కదలడానికి లేదు. తలుపు దగ్గర చేయెత్తి ఆగమన్నాను. ప్లైవుడ్ అటు నుంచి మేడమ్ గొంతు వినిపించింది.

"ఎవలు, స్వప్ననా? పప్పు మాడవెట్టే స్వప్ననా? రా బిడ్డా, కూసో. గీ ఎల్లిగడ్డ పట్టు."

స్వప్న నావైపు చూసింది. తర్వాత చెప్పులు విడిచి అవతలి క్లాసులోకి పోయింది. నేను బోర్డు తుడుస్తున్నట్టు ప్లైవుడ్ దగ్గరికి చేరాను.   మేడమ్ ఇంగ్లీషులో, నీ చిన్నప్పుడు మీ ఇంట్లో ఏ పని చేసేదానివి అని అడిగింది. ఇది ఒక ప్రశ్నా? ఏ పరీక్షలోనూ రాదు.

స్వప్న మొదలుపెట్టింది. ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆగలేదు.

వాళ్ల నాయిన గుంటమగ్గంలో కూర్చుని జంపఖానా నేస్తుంటే, పక్కన కూర్చుని రంగురంగుల నూలు కండెలు వరస తప్పకుండా అందించడం ఆమె పని. నాయిన తలెత్తడు, చెయ్యి చాస్తాడు, అంతే. ఒక సాయంత్రం కరెంటు పోయింది. కందిలి వెలుగులో ఆమెకు కునుకు పట్టింది. ఆ కునుకులోనే కండెలు అందించింది. నలుపు అందించాల్సిన చోట నీలం. ఆ వెలుతురులో నాయినకూ తేడా తెలియలేదు. పొద్దున చూస్తే జంపఖానాకు అడ్డంగా జానెడు నీలం పట్టీ. కొనే సేటు తీసుకోనన్నాడు. నాయిన ఒక్క మాట అనలేదు, విప్పలేదు. దాన్ని ఇంట్లోనే పరిచి, వచ్చినవాళ్లకల్లా ఆ నీలం పట్టీ చూపించి, ఇది మా బిడ్డ నిద్ర అని చెప్పేవాడట.

పెళ్లయి వచ్చేటప్పుడు ఆ పట్టీ ఉన్న ముక్క కోసి తెచ్చుకున్నానని చెప్పింది. ఎక్కడుంది ఇప్పుడు అని మేడమ్ అడిగింది. మా బాత్‌రూమ్ ముందు ఉంది, నా భర్త రోజూ దాని మీద కాళ్లు తుడుచుకుంటాడు అని స్వప్న చెప్పి, గట్టిగా నవ్వింది. మేడమ్ కూడా నవ్వింది. ఎల్లిగడ్డ బ్యాచ్ అంతా నవ్వింది.

ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. చెప్పుకుంటే సిగ్గుచేటు, ముందుగా నాకు తట్టింది అదే. ఆ తర్వాత డస్టర్ కింద పెట్టాను. నాకు ఆ కాలిపట్టా తెలుసు. ఆ నీలం తెలుసు. రంగు వెలిసిందనుకున్నాను. అప్పటికి ఎనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నాకు తెలుగులో చెప్పని సంగతిని, ఎదురుగా చూడటం అదే మొదటిసారైన మనిషికి, రాని ఇంగ్లీషులో చెప్పింది. వేరే మగవాడితో మాట్లాడినా అంత మండేది కాదేమో.

స్వప్న వెళ్లాక చాయ్ దగ్గర మేడమ్‌ను పట్టుకున్నాను.

"మేడమ్, నా భార్యకు నేను చెప్పుకుంటాను. మీరు శ్రమ పడకండి."

"చెప్పుకో తమ్మీ, ఒద్దన్ననా?" అంది, చాయ్‌లో బిస్కెట్ ముంచుతూ. "నువ్వు చెప్పు. నేనైతే ఇంట. నాకు చెప్పుడు రాదు."

"వింటే బ్యాండు స్కోరు రాదు మేడమ్. గడువు దగ్గర పడింది. తప్పులు అలాగే ఉన్నాయి."

"ఉంటే ఉండనియ్యి. తప్పులు తీసేత్తివి గదా, తప్పులతోని మాట గూడ పాయె." బిస్కెట్ విరిగి చాయ్‌లో పడింది. దాన్ని వేలితో తీస్తూ, "ఫికర్ జెయ్యకు. రేపు నువ్వు గూడ వచ్చి కూసో. ఎల్లిగడ్డ మస్తున్నది" అంది.

నేను కూర్చోలేదు. ఆ మాట ఎకసెక్కానికి అన్నదా, నిజంగా పిలిచిందా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఎకసెక్కమే అయ్యుంటుంది. అలా అనుకుంటేనే నాకు బాగుంటుంది.

ఆ సాయంత్రం స్వప్నను అడిగాను. "కాలిపట్టా సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఇన్నరా?" అంది. సిగ్గుపడలేదు, భయపడలేదు. "పెండ్లైన కొత్తల చెప్దామనుకున్న. మొదలువెట్టంగనే మీరు ఏందో ఒకటి సరిజేత్తరు."

"ఇంగ్లీషులో చేస్తాను. తెలుగులో ఏం చేస్తాను?"

"తెలుగుల చెయ్యరా? వత్తాన అనొద్దు వస్తున్నాను అను, గట్లనొద్దు అలా అను. మా నాయిన ముంగటనే అన్నరు. ఆ దినం నుంచి మా నాయిన మనింటికి వత్తె ఎక్కువ మాట్లాడడు, సూసిండ్లా?"

చూశాను. మితభాషి అనుకున్నాను. నేను మరిపెడ పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో చేరినప్పుడు నా మాటకు అందరూ నవ్వారు. ఆ నవ్వులకు భయపడి పుస్తకం భాష నేర్చుకున్నాను. ఆ భయం ఇంకొకరికి ఉండకూడదనే కదా దిద్దేది. ఇదంతా స్వప్నకు చెప్పబోయాను. ఆమె అప్పటికే వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఆ కాలిపట్టాను తీసి, సబ్బు పెట్టి ఉతికి, దండెం మీద ఆరేశాను. గోడకు తగిలిద్దామని కూడా ఆలోచించాను. సాయంత్రం వచ్చేసరికి అది మళ్లీ బాత్‌రూమ్ ముందే ఉంది.

"గోడకెందుకు?" అంది స్వప్న. "కింద ఏసుకోనీకే నేసిండు నాయిన."

ఇక నేను అడ్డం చెప్పలేదు. అడ్డం చెప్పినా ఆగేలా లేదు. స్వప్న రోజూ సొసైటీ నుంచి సీదా సెంటర్‌కు వచ్చేది. ఎల్లిగడ్డ నుంచి చిక్కుడుకు, చిక్కుడు నుంచి పుంటికూరకు ఎదిగింది. ప్లైవుడ్ ఇవతల నేను పిల్లలకు వ్యాసాలు చెబుతూ, ఒక చెవి అటు వేసి, నా భార్యను గురించి కొత్త సంగతులు తెలుసుకునేవాణ్ణి. ఆమెకు పిల్లులంటే భయమట. చదువు మాన్పిస్తామంటే రెండు రోజులు అన్నం తినలేదట. మడికొండ దాటి గుట్ట మీదికి ఒక్కతే నడిచిపోయి, సాయంత్రం దాకా కూర్చుని, ఎవరికీ చెప్పకుండా తిరిగి వచ్చిందట. ఎందుకు పోయిందో మేడమ్ అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. అడగకపోయినా స్వప్న చెప్పింది. సరిగ్గా అప్పుడే నా క్లాసులో ఎవడో పెద్దగా తుమ్మాడు, వినపడలేదు. వాణ్ణి ఆ రోజు అనవసరంగా తిట్టాను.

మూడోసారి పరీక్షకు హైదరాబాద్ తీసుకెళ్లింది నేనే. దారంతా ఏనుగును ఒకసారి గుర్తుచేద్దామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. బయటికి వచ్చాక ఏం అడిగారని అడిగితే, "ఏందో అడిగిండ్లు. చెప్పిన" అంది. ఇంకా అడిగితే, "ఆకలైతాంది" అంది.

ఫలితం వచ్చిన రోజు ఇద్దరం ఒకే మంచం మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాం. మాట్లాడటంలో ఏడు. ఆరున్నర చాలు, ఏడు. ఇద్దరం ఒకేసారి అరిచాం. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆ చేత్తో ఆమె అప్పటికే నంబరు నొక్కేసింది.

"అక్కా!" అని ఫోన్లో ఏడ్చేసింది. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దుప్పటి మడత పెట్టాను.

మా సెంటర్‌లో ఒక అలవాటుంది. స్కోరు వచ్చినవాళ్లు మిఠాయి డబ్బా తెస్తారు. దాన్ని ముందు ఎవరి చేతిలో పెడతారో వాళ్ల వల్లే గట్టెక్కానని చెప్పినట్టు. ఎవరూ పెట్టిన నియమం కాదు, అయినా అందరికీ తెలుసు. స్వప్న డబ్బా తెచ్చిన రోజు నేను మెట్ల దగ్గరే ఎదురైనట్టుగా నిలబడ్డాను. ఆమె నన్ను దాటుకుని లోపలికి పోలేదు. అంత పని చేయలేదు. నా దగ్గర ఆగి, "మీరు గూడ రాండ్రి" అని నన్ను వెంటబెట్టుకుని మేడమ్ దగ్గరికి తీసుకుపోయింది. డబ్బా ఆమె చేతిలో పెట్టింది. ఆమె ఒక లడ్డూ తీసి, కొరికి, మిగిలిన సగం నా నోట్లో కుక్కింది.

"తిను తమ్మీ. మొకం గట్ల ఎందుకు వెట్టినవ్? సీటచ్చింది నీ ఇంటికేనాయె."

సీటు వచ్చింది. సంతోషించలేదంటే అబద్ధం. కానీ ఆ లడ్డూ నాకు ఇప్పటికీ అరగలేదు.

స్వప్న స్కాట్లాండ్ వెళ్లాక కూడా మేడమ్‌ది ఇదే తీరు. మధ్యాహ్నం నా టిఫిన్‌లో, ఇప్పుడు నేనే వండుకున్న కూరలో చెయ్యి పెట్టి, "స్వప్న ఫోన్ చేసిందా?" అనేది. "చేసింది" అనేవాణ్ణి గర్వంగా. "ఆఁ, నాకు గూడ చేసింది. గంటసేపు మాట్లాడింది. ఆడ చలి ఎక్కువున్నదంట, కాళ్లు పగులుతున్నయంట" అనేది. నాతో బాగున్నాను అంది. కాళ్ల పగుళ్ల సంగతి నాతో అనలేదు. ఒక రోజు ఉడుకుమోతుతనం ఆపుకోలేక, "మీకెందుకు చెబుతుంది మేడమ్ అన్నీ?" అని అడిగేశాను. ఆమె కూర నములుతూ నా వైపు చాలాసేపు చూసింది. ఏదో చెప్పబోతున్నదనుకున్నాను. "ఉప్పెక్కువైంది" అంది.

మొన్న శనివారం కూడా స్కూటీ గేటుకు అడ్డంగానే ఉంది. నేను తిట్టుకుంటూ పక్కకు జరిపాను. నిన్న ఆదివారం, సెలవు. సాయంత్రం ఇంట్లో కూర్చున్నచోటే ఒరిగిపోయిందట.

సాయంత్రమైంది. ఫ్లెక్సీ లైన్లు రాయలేదు. సెంటర్ వెనక మెట్ల మీద కూర్చుని స్వప్నకు ఫోన్ చేశాను. ప్రెజెంటేషన్ బాగా జరిగిందని సంతోషంగా ఎత్తింది. ఎలా చెప్పాలో వాక్యాలు కూర్చుకుని పెట్టుకున్నాను. ఒక్కటీ రాలేదు. "మేడమ్ పోయారు" అన్నాను. అర్థం కాలేదు ఆమెకు. "ఎవలు?" అంది. అప్పుడు మొదటిసారి ఆ మాట నా నోట్లోంచి వచ్చింది.

"అక్క" అన్నాను. "అక్క సచ్చిపోయింది స్వప్నా."

 స్వప్న ఏడుపు మొదలుపెట్టింది, ఏడుస్తూ ఇంగ్లీషులోకి పోయింది. అక్కతో మనసు విప్పి మాట్లాడిన భాష అదే కదా. ఎల్లిగడ్డ గురించి చెప్పింది, చలి గురించి చెప్పింది, ఆ గుట్ట మీదికి ఎందుకు పోయిందో కూడా చెప్పింది. ఒక్క వాక్యం తిన్నగా లేదు. ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. నేను ఒక్కటి కూడా దిద్దలేదు. నోరు తెరవలేదు. ఇంత మాట నాకు ఎప్పుడూ దక్కలేదు, ఒక్క ముక్క జారిపోతుందేమోనని ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను.

చాలాసేపటికి ఆగింది. ముక్కు చీదింది.

"ఉన్నరా లైన్ల?"

"ఉన్న. నువ్ చెప్పు" అన్నాను.

"అక్క గూడ గట్లనే అంటుండె" అని, స్వప్న మళ్లీ ఏడ్చింది.